ఏడీసీ ఎంత కరెంటు తాగుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకే బాధ. డేటాషీట్‌లో (చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) ఒక అంకె ఉంది, మీటరు పెడితే ఇంకో అంకె వస్తోంది, ఏది నమ్మి సప్లై కట్టాలి అని. పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్, బరంపురం, జయపురం, రాయగడ, ఇన్ని ఊళ్ల నుంచి ఇదే అడుగుతున్నప్పుడు రెండు ముక్కల్లో తేల్చేయడం న్యాయం కాదు, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట: సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్ ఏడీసీ, అంకెల్ని తిరిగి వోల్టేజీగానో కరెంటుగానో మార్చేది డీఏసీ, రెండిటినీ కలిపి డేటా కన్వర్టర్లు అంటాం.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను పర్లాకిమిడిలో డిప్లొమా చదువుతున్నాను. బడి అంతా ఒడియాలో, తెలుగు ఇంట్లో మా నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. మా ల్యాబ్‌లో ఏడీసీ0809తో చిన్న బోర్డు కట్టాను. క్లాక్ కోసం 555 టైమర్ చిప్, ఎనిమిది ఎల్‌ఈడీలు, వాటిని నడపడానికి ముందు 74హెచ్‌సీ244 బఫర్ చిప్. డేటాషీట్‌లో సప్లై కరెంటు 0.3 మిల్లీఆంపు అని ఉంది. నాకు మాత్రం పొటెన్షియోమీటరు ఒక చివర ఉంటే 6, ఇంకో చివరకి తిప్పితే 57 మిల్లీఆంపుల దాకా చూపిస్తోంది. చిప్ పాడైందా?

జవాబు: పాడవలేదు నాయనా, చిప్ బంగారంలా పనిచేస్తోంది. నీ తెలుగులో కూడా తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ముందు ఆ 0.3 సంగతి చూద్దాం. డేటాషీట్‌లో దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, 3.0 మిల్లీఆంపులు. మొదటిది టిపికల్, అంటే మామూలుగా ఉండేది, రెండోది గరిష్ఠం. రెండిటి మధ్య పది రెట్ల తేడా! ఆ వరుసలోనే 640 కిలోహెర్ట్జ్ క్లాక్ దగ్గర కొలిచామని కూడా రాసి ఉంటుంది. షోరూమ్‌లో చెప్పే బండి మైలేజీని పట్టుకుని ముగ్గురిని ఎక్కించుకుని మహేంద్రగిరి ఘాట్ ఎక్కితే ఎలా ఉంటుందో, టిపికల్ అంకెని పట్టుకుని సప్లై కొంటే అలాగే ఉంటుంది. అది అబద్ధం కాదు, కాకపోతే అది వాళ్ల బల్ల మీద, వాళ్ల పరిస్థితుల్లో కొలిచింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ చిప్‌కి సప్లై పిన్ ఒక్కటే కాదు, రిఫరెన్స్ ప్లస్, రిఫరెన్స్ మైనస్ అని, కొలతకి ప్రమాణంగా తీసుకునే వోల్టేజీ ఇవ్వడానికి ఇంకో రెండు పిన్నులు ఉన్నాయి చూడు. లోపల ఆ రెండిటి మధ్య 256 మెట్ల రెసిస్టర్ నిచ్చెన ఉంటుంది. దాని మొత్తం విలువ టిపికల్‌గా 2.5 కిలోఓములు, కనీసం 1 కిలోఓము. రిఫరెన్స్ ప్లస్‌ని నువ్వు 5 వోల్టులకే కలిపి ఉంటావు, ల్యాబ్‌లో అందరూ అలాగే చేస్తారు. 5 వోల్టుల్ని 2.5 కిలోఓములతో భాగిస్తే 2 మిల్లీఆంపులు. అంటే సప్లై పిన్ తాగే దానికంటే రిఫరెన్స్ పిన్ తాగేదే ఎక్కువ, అది సప్లై కరెంటు వరుసలో లేనే లేదు! నిచ్చెన రెసిస్టెన్స్ కనీస విలువ దగ్గర ఉన్న చిప్ నీకు పడితే 5 మిల్లీఆంపులు. అదే పాత ఏడీసీ0804 డేటాషీట్ తీసి చూడు, అక్కడ 1.9 టిపికల్, 2.5 గరిష్ఠం అని ఇచ్చి, ఇందులో నిచ్చెన కరెంటు కలిసే ఉందని స్పష్టంగా రాశారు. రెండు చిప్‌లూ ఒకే కాలానివి, ఒకే పని చేస్తాయి, కానీ లెక్క రాసిన తీరు వేరు. అందుకే ప్రతి డేటాషీట్‌లో ఏ అంకెలో ఏది కలిసి ఉంది, ఏది కలవలేదు అన్నది వరుస వరుసా చదవాలి.

నీ బోర్డు లెక్క వేద్దాం. ఏడీసీ 0.3, నిచ్చెన 2, పొటెన్షియోమీటరు 10 కిలోఓములైతే 0.5, మామూలు 555 అయితే 5 వోల్టుల దగ్గర సుమారు 3. మొత్తం 5.8, నువ్వు చూసిన 6 ఇదే. తర్వాత ఎల్‌ఈడీలు. ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, నువ్వు 470 ఓముల రెసిస్టర్ పెట్టావనుకుంటే మిగిలిన 3 వోల్టులకి 6.4 మిల్లీఆంపులు, ఎనిమిదీ వెలిగితే 51. పొటెన్షియోమీటరు ఒక చివర కోడ్ (ఏడీసీ ఇచ్చే అంకె) 0, ఎల్‌ఈడీలన్నీ ఆరిపోతాయి. రెండో చివర కోడ్ 255, అన్నీ వెలుగుతాయి. 6కి 51 కలుపు, 57 వచ్చేసింది.

ఇక సప్లై కొనడానికి ఈ 57 కూడా సరిపోదు. గరిష్ఠాలన్నీ తీసుకో: ఏడీసీ 3, నిచ్చెన 5, 555కి 6, మిగతావి అలాగే. 65 దాటుతుంది. నీ బోర్డుకి 100 మిల్లీఆంపుల రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే చిప్) పెడితే హాయిగా ఉంటుంది.

ప్రశ్న: గురువుగారూ, గుణుపురంలో నాది కాటాలు బాగుచేసే షాపు. సంతలో జీడిపిక్కలు, చింతపండు కొనేవాళ్ల కాటాలు ఎక్కువ వస్తాయి. ఒక బస్తాల కాటాకి పాత బోర్డు పోతే కాటాల కోసం చేసిన హెచ్‌ఎక్స్711 ఏడీసీ మాడ్యూల్ వేసి కొత్తది కట్టాను. అదే బోర్డు ఒక్క లోడ్ సెల్ ఉన్న చిన్న కాటాలో బ్యాటరీ చాలాసేపు ఆగుతోంది, నాలుగు మూలలా నాలుగు సెల్స్ ఉన్న ప్లాట్‌ఫారం కాటాలో మాత్రం సంత అయ్యేసరికి నీరసపడుతోంది. చిప్ తినేది 1.5 మిల్లీఆంపులే అంటున్నారు కదా.

జవాబు: చిప్ తినేది అంతే అన్నా, ఆ అంకె నిజమే. తినేది దాని వెనక ఉన్న లోడ్ సెల్స్.

లోడ్ సెల్ అంటే బరువుని వోల్టేజీగా మార్చే సెన్సర్, లోపల నాలుగు స్ట్రెయిన్ గేజ్‌ల (సాగితే రెసిస్టెన్స్ మారే రేకుల) బ్రిడ్జి, మామూలుగా 350 ఓములు. దానికి వోల్టేజీ ఇచ్చేది హెచ్‌ఎక్స్711 మాడ్యూల్ మీదున్న చిన్న ట్రాన్సిస్టర్, సాధారణంగా 4.3 వోల్టుల దగ్గర పెట్టి ఉంటుంది. 4.3ని 350తో భాగిస్తే 12 మిల్లీఆంపులు. ఒక్క సెల్ ఉన్న కాటాలోనే చిప్ కంటే ఎనిమిది రెట్లు సెల్ తింటోందన్నమాట. ప్లాట్‌ఫారం కాటాలో నాలుగూ సమాంతరంగా కలుస్తాయి, 350ని నాలుగుతో భాగిస్తే 87.5 ఓములు, కరెంటు 49 మిల్లీఆంపులు. కాటా మీద బస్తా ఉన్నా లేకపోయినా అదే కరెంటు, ఎందుకంటే బరువు పడితే బ్రిడ్జి మొత్తం రెసిస్టెన్స్ దాదాపు మారదు.

దీనికి డిస్‌ప్లే కలపండి. ఎర్ర ఎల్‌ఈడీ అంకెలు ఇటు షాపువాడికి, అటు కొనేవాడికి, రెండు వైపులా ఉంటే దానికే 60 మిల్లీఆంపులు అనుకోవచ్చు, మైక్రోకంట్రోలర్‌కి 10. మొత్తం 120. మీరు వాడేది మామూలుగా కాటాల్లో వచ్చే 6 వోల్టుల 4.5 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే కాగితం మీద 37 గంటలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే దాని ప్రాణం పోతుంది, పాతబడినదైతే సామర్థ్యం సగానికి పడిపోయి ఉంటుంది. అప్పుడు రెండు సంతలు కూడా గడవదు.

చేయగలిగింది ఏమిటంటే, హెచ్‌ఎక్స్711 క్లాక్ పిన్‌ని 60 మైక్రోసెకండ్లకి మించి పైనే ఉంచితే చిప్ నిద్రపోతుంది, దాంతోపాటు లోడ్ సెల్స్‌కి వెళ్లే సప్లై కూడా ఆగిపోతుంది. ఆ 49 మిల్లీఆంపులూ మిగిలినట్టే. కాకపోతే లేచిన వెంటనే రీడింగ్ నమ్మకండి. సెకనుకి 10 రీడింగుల అమరికలో ఉంటే కుదురుకోవడానికి 400 మిల్లీసెకండ్లు పడుతుంది, 80 రీడింగుల్లో అయితే 50 చాలు. బేరం జరుగుతున్నంతసేపూ కాటా ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు సెకనుకి ఒకసారి లేచి బరువు పడిందో లేదో చూసుకుని మళ్లీ పడుకునేలా ప్రోగ్రాం రాయించండి. కొత్తగా సెల్స్ కొనేటప్పుడు 1000 ఓములవి దొరికితే అవే తీసుకోండి, నాలుగూ కలిపి 17 మిల్లీఆంపులతో పోతుంది. రైతు బస్తాకి న్యాయమైన తూకం రావాలంటే రోజంతా ఆ వోల్టేజీ నిలకడగా ఉండాలి. ఇది బ్యాటరీ ఖర్చుతో తీరిపోయే విషయం కాదు.

ప్రశ్న: అయ్యా, నేను కాశీనగర్ దగ్గర హైస్కూలులో సైన్సు చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వంశధార ఎలా పొంగిందో మా పిల్లలందరికీ గుర్తే. వాళ్లతో కలిసి నీటిమట్టం రాసుకునే పెట్టె ఒకటి చేశాం. నీళ్లలో వేలాడుతూ ఒత్తిడిని 4-20 మిల్లీఆంపుల కరెంటుగా ఇచ్చే ప్రెజర్ సెన్సర్, దాన్ని వోల్టేజీగా మార్చడానికి 150 ఓముల రెసిస్టర్, ఏడీఎస్1115 ఏడీసీ, చిన్న మైక్రోకంట్రోలర్, మెమరీ చిప్. రెండు లిథియం సెల్స్ సిరీస్‌లో, 7.4 వోల్టులు, 2500 మిల్లీఆంపియర్ అవర్. సెన్సర్‌కి 24 వోల్టులు, వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ నుంచి, పావుగంటకి ఒకసారి 2 సెకండ్లు మాత్రమే. ఏడీసీ 150 మైక్రోఆంపులని చూసి దాదాపు రెండేళ్లు వస్తుందనుకున్నాం. మూడు వారాలు కూడా రాలేదు. పిల్లలు డీలాపడిపోయారు.

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ముందు మీ లెక్కే వేశాను. పిల్లలు డీలాపడాల్సిన పని లేదు, పెట్టె మంచిదే, ఒక్క భాగం మార్చాలి.

మీరు మాడ్యూల్ బొమ్మ పంపారు, అందులో 3.3 వోల్టుల కోసం ఏఎంఎస్1117 రెగ్యులేటర్ కనిపిస్తోంది. ఎవరి షాపులో చూసినా ఉంటుంది, చవక, ఆంపియర్ దాకా ఇస్తుంది. కానీ ఏ లోడూ లేకుండా ఊరికే కూర్చున్నా తనకోసం టిపికల్‌గా 5 మిల్లీఆంపులు నేలకి పంపేస్తుంది. మీ ఏడీసీ తీసుకునేది 0.15. దానికి అన్నం వడ్డించే ఈ రెగ్యులేటర్ ముప్పై రెట్లు ఎక్కువ తానే తినేస్తోంది.

వరుసగా చూద్దాం, పిల్లల చేత కూడా బోర్డు మీద వేయించండి. సెన్సర్ గరిష్ఠంగా 24 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపులు, అంటే 0.48 వాట్. బూస్ట్ కన్వర్టర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 0.6 వాట్, 7.4తో భాగిస్తే 81 మిల్లీఆంపులు. భయపెట్టే అంకే. కానీ అది 900 సెకండ్లలో 2 సెకండ్లే, కాబట్టి సగటు 0.18. ఏడీసీ మీరు కంటిన్యువస్ మోడ్‌లో (ఆగకుండా కొలుస్తూనే ఉండేలా) వదిలేశారు, 0.15. రెగ్యులేటర్ 5. మొత్తం 5.33. 2500ని దీంతో భాగిస్తే 469 గంటలు, 19 రోజుల పైచిలుకు. మీ పెట్టె సరిగ్గా లెక్క ప్రకారమే ఆగిపోయింది.

ఇప్పుడు ఏఎంఎస్1117 తీసేసి ఎంసీపీ1702 లాంటిది వేయండి, అది తనకోసం 2 మైక్రోఆంపులే ఉంచుకుంటుంది, 13.2 వోల్టుల దాకా ఇన్‌పుట్ తట్టుకుంటుంది కాబట్టి రెండు సెల్స్ పూర్తిగా చార్జ్ అయి 8.4 ఉన్నా ఇబ్బంది లేదు. ఎంసీపీ1700 అని పేరు దగ్గరగా ఉండేది ఇంకోటి ఉంది, అది 6 వోల్టులకే, పొరపాటున తెస్తే పోతుంది.

తర్వాత ఏడీసీ. ఏడీఎస్1115కి రీడింగుల వేగం సెకనుకి 8 నుంచి 860 దాకా పెట్టుకోవచ్చు. కరెంటు మిగులుతుందని చాలామంది 8 పెడతారు. కంటిన్యువస్ మోడ్‌లో ఉన్నంతవరకూ దాని వల్ల లాభం లేదు, లోపలి మాడ్యులేటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మిగలాలంటే దీనికి విరుద్ధంగా చేయాలి: వేగం 860 పెట్టి సింగిల్ షాట్ మోడ్ వాడాలి. 1.2 మిల్లీసెకండ్లలో కొలిచేసి తనంతట తనే నిద్రలోకి పోతుంది, నిద్రలో టిపికల్‌గా అర మైక్రోఆంపు. నాయిస్ (రీడింగులో వచ్చే చిన్న చిన్న ఊగిసలాట) తగ్గాలనుకుంటే అలాంటివి పదహారు తీసి సగటు వేయండి, అప్పటికీ 20 మిల్లీసెకండ్లే.

మైక్రోకంట్రోలర్ నిద్రలో కొన్ని మైక్రోఆంపులు, ఆ 2 సెకండ్లు మెలకువగా ఉన్నప్పుడు 4 మిల్లీఆంపులు అనుకున్నా సగటుకి వచ్చేసరికి 0.009. అన్నీ కలిపి 0.2 మిల్లీఆంపు. కాగితం మీద 12,500 గంటలు, ఏడాదిన్నర దగ్గర. నేనైతే అందులో సగమే నమ్ముతాను, సెల్ వాడకపోయినా కొంత పోతుంది, చలికాలం రాత్రుళ్లు సామర్థ్యం తగ్గుతుంది. సగమైనా వానాకాలం మొత్తం గట్టెక్కుతుంది, తుపానొచ్చి వారాల తరబడి కరెంటు లేకపోయినా పెట్టె రాస్తూనే ఉంటుంది. మీకు కావలసింది అదే కదా.

రెండు జాగ్రత్తలు. ఇంకా మిగిలిద్దామని ఏడీసీ సప్లైని పూర్తిగా కత్తిరించే ఆలోచన వస్తుంది ఎవరికైనా. అలా చేస్తే ఐ2సీ లైన్ల (ఏడీసీ, మైక్రోకంట్రోలర్ మాట్లాడుకునే రెండు తీగల) పుల్-అప్ రెసిస్టర్లు, అంటే వాటిని సప్లై వైపు లాగి ఉంచేవి, ఇంకా 3.3 వోల్టులకి కలిసే ఉంటాయి కాబట్టి వాటి గుండా కరెంటు చిప్ లోపలి రక్షణ డయోడ్ల దారిలో దూరి చిప్‌ని సగం సగం బతికిస్తుంది. అటు పూర్తిగా ఆగదు, ఇటు సరిగ్గా నడవదు, మళ్లీ సప్లై ఇచ్చినప్పుడు సరిగ్గా రీసెట్ కాకపోవచ్చు. సప్లై కోస్తే పుల్-అప్‌లని కూడా అదే స్విచ్ వెనక పెట్టండి, లేకపోతే దాని జోలికి పోకండి, నిద్ర మోడ్ చాలు. రెండోది ఎండ. మే నెలలో రేకు పెట్టె లోపల చెయ్యి పెట్టలేం. ఈ చిప్‌కి 150 టిపికల్ అయితే 25 డిగ్రీల దగ్గర గరిష్ఠం 200, పూర్తి ఉష్ణోగ్రత శ్రేణికి గరిష్ఠం 300. నిద్ర కరెంట్లు వేడికి ఇంకా ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతాయి. పెట్టెకి తెల్ల రంగు వేసి నీడలో కట్టించండి.

మళ్లీ పెట్టాక ఎన్నాళ్లు ఆగిందో పిల్లల చేతే రాయించండి. వేస్తాను ఇక్కడ.

ప్రశ్న: సార్, బరంపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకి సెకనుకి 10 కోట్ల శాంపిళ్ల, 14 బిట్ల ఏడీసీ వాడుతున్నాం. అనలాగ్ సప్లై కరెంటు స్పష్టంగా ఇచ్చారు. అవుట్‌పుట్ డ్రైవర్ సప్లైకి ఇచ్చిన అంకె మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. మేం ఏది తీసుకోవాలి?

జవాబు: ఏదీ కాదు తమ్ముడూ, అది నువ్వే లెక్క కట్టాలి. ఎందుకంటే ఆ కరెంటు చిప్‌ది కాదు, నీ బోర్డుది.

ప్రతి అవుట్‌పుట్ పిన్ వెనక ఒక కెపాసిటెన్స్ ఉంటుంది: ట్రాక్ పొడవు, అవతలి చిప్ ఇన్‌పుట్, కలిపి 10 పికోఫారడ్‌లు అనుకో. పిన్ 0 నుంచి 1కి వెళ్లిన ప్రతిసారీ దాన్ని నింపాలి. కరెంటు అంటే కెపాసిటెన్స్ గుణించు వోల్టేజీ గుణించు సెకనుకి ఎన్నిసార్లు నింపుతున్నాం అన్నది. 100 మెగా శాంపిళ్ల దగ్గర ఒక బిట్ అత్యధికంగా 50 మెగాహెర్ట్జ్‌తో ఊగగలదు. 3.3 వోల్టులైతే బిట్‌కి 1.65 మిల్లీఆంపులు, 14 బిట్లకి 23. అదే 1.8 వోల్టులకి దించితే 12.6. ట్రాక్‌ని పొట్టి చేసి 5 పికోఫారడ్‌లకి తెస్తే అందులో సగం. క్లాక్ అవుట్‌పుట్ పిన్ ఉంటే అది పూర్తి 100 మెగాహెర్ట్జ్‌తో ఊగుతుంది, దాన్ని రెండు బిట్లుగా లెక్కపెట్టు.

నిజంగా అన్ని బిట్లూ అంత ఊగవు. నెమ్మదైన సైన్ వేవ్ ఇస్తే పై బిట్లు ఎప్పుడో ఒకసారి మారతాయి, కింది బిట్లు గోలగోలగా మారతాయి. అందుకే డేటాషీట్లలో పరీక్షకి వాడిన ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ, లోడ్ కెపాసిటెన్స్ రాస్తారు, అవి మారిన చోటల్లా అంకె మారుతుంది. ఇంకో సంగతి, ఇన్‌పుట్ ఏమీ లేకుండా మధ్యలో వదిలేస్తే తక్కువ కరెంటు వస్తుందని అనుకోకు, సరిగ్గా మధ్య కోడ్ దగ్గర 0 తర్వాత పదమూడు 1లు ఉన్నది, 1 తర్వాత పదమూడు 0లు ఉన్నదిగా మారుతుంది, చిన్న నాయిస్‌కే పద్నాలుగు బిట్లూ ఒకేసారి తిరగబడతాయి.

ప్రతి అవుట్‌పుట్‌కి చిన్న సిరీస్ రెసిస్టర్ పెట్టమని మీ సార్లు చెప్పే ఉంటారు. పెట్టండి, అది కరెంటు దెబ్బని మెత్తబరుస్తుంది, అనలాగ్ వైపు నాయిస్ తగ్గుతుంది. సగటు మాత్రం తగ్గదు, నింపాల్సిన చార్జ్ అంతే కాబట్టి.

ఎల్‌వీడీఎస్ అవుట్‌పుట్ (ఒక్కో బిట్‌ని చిన్న వోల్టేజీతో రెండు తీగల జత మీద పంపే పద్ధతి) వాడితే లెక్క మారిపోతుంది. జతకి 3.5 మిల్లీఆంపులు, ఊగినా ఊగకపోయినా. 14 బిట్లు, ఒక క్లాక్, పదిహేను జతలకి 52.5. వేగం తక్కువ ఉన్నప్పుడు ఇది దండగ, ఎక్కువైనప్పుడు నిలకడగా ఉంటుంది కాబట్టి నాకు ఇష్టం.

అనలాగ్ వైపు కూడా ఒక మాట. పైప్‌లైన్ రకం ఏడీసీలో (వరుస దశల్లో కొలిచేది) ఆంప్లిఫయర్లు ఊరికే ఉన్నా తాగే బయాస్ కరెంటే ఎక్కువ, క్లాక్ తగ్గించినా పెద్దగా దిగదు. ఎస్‌ఏఆర్ రకంలో (ఒక్కో బిట్‌నీ వరుసగా పోల్చి తేల్చేది) అయితే శాంపిల్ వేగంతో పాటు దిగుతుంది. నీ వేగానికి అంకె ఇవ్వకపోతే గ్రాఫ్‌లో రెండు బిందువులు చూసి గీత కట్టు: మాటవరసకి 1 మెగా శాంపిల్ దగ్గర 4.1, 100 కిలో దగ్గర 0.5 ఉందనుకో, మెగాకి 4 మిల్లీఆంపులు, కదలకుండా ఉండేది 0.1, కాబట్టి 250 కిలోకి 1.1. అది టిపికల్. పట్టికలో టిపికల్‌కీ గరిష్ఠానికీ మధ్య ఉన్న నిష్పత్తితో దాన్ని గుణించి అప్పుడు రెగ్యులేటర్ ఎంచుకో.

ప్రశ్న: జయపురం నుంచి. రైస్ మిల్లు ఫీడర్ మోటారు వేగం మార్చడానికి ఎంసీపీ4725 డీఏసీ వాడాం. 210 మైక్రోఆంపులని ఉంది, మాకు 2.7 మిల్లీఆంపులు వస్తోంది.

జవాబు: ఆ 210 టిపికల్, గరిష్ఠం 400, అదీ అవుట్‌పుట్‌కి ఏమీ కలపనప్పుడు. మీ డ్రైవ్ ఇన్‌పుట్ 2 కిలోఓములైతే 5 వోల్టుల దగ్గర 2.5 మిల్లీఆంపులు దానిలోకే పోతుంది, అది డీఏసీ సప్లై పిన్ నుంచే రావాలి. కలిపితే మీ 2.7. వేగం తగ్గిస్తే కరెంటు కూడా తగ్గాలి, తిప్పి చూడండి, తగ్గితే అంతా సవ్యమే. ఈ చిప్‌కి రిఫరెన్స్ వేరేగా లేదు, సప్లై వోల్టేజీనే రిఫరెన్స్. సప్లై ఊగితే మోటారు వేగం ఊగుతుంది, అందుకని దీనికి మిల్లు రిలేలతో సంబంధం లేని వేరే రెగ్యులేటర్ ఇవ్వండి.

ప్రశ్న: రాయగడ నుంచి. గరిష్ఠాలన్నీ కలిపితే 140 మిల్లీఆంపులు వచ్చింది. 150 రెగ్యులేటర్ పెట్టాం. ఒక్కోసారి స్విచ్ వేస్తే బోర్డు లేవడం లేదు.

జవాబు: కెపాసిటర్లని లెక్కలో వేయలేదమ్మా. ఏడీసీ చుట్టూ, రిఫరెన్స్ దగ్గర, అనలాగ్, డిజిటల్ పిన్నుల దగ్గర పెట్టినవన్నీ కూడు. 100 మైక్రోఫారడ్‌లు అనుకుందాం. సప్లై 1 మిల్లీసెకండ్‌లో 0 నుంచి 3.3కి లేస్తే వాటిని నింపడానికే 330 మిల్లీఆంపులు కావాలి. రెగ్యులేటర్ తన హద్దు దగ్గర ఆగిపోతుంది, వోల్టేజీ మెట్లు మెట్లుగా లేస్తుంది, అనలాగ్ సప్లై ముందొచ్చి డిజిటల్ సప్లై వెనక వస్తే కొన్ని చిప్‌లు గందరగోళంలో పడతాయి. సాఫ్ట్ స్టార్ట్ (వోల్టేజీని నిదానంగా లేపే ఏర్పాటు) ఉన్న 300 మిల్లీఆంపుల రెగ్యులేటర్ వేసుకో, లేదా 150దే ఉంచి సప్లై నిదానంగా 50 మిల్లీసెకండ్లలో లేచేలా చెయ్యి, అప్పుడు కెపాసిటర్లకి 6.6 చాలు, 140కి కలిపినా 150 దాటదు. డేటాషీట్‌లో ఏ సప్లై ముందు రావాలో రాసి ఉంటుంది, ఆ పేజీ వదలకు. వేడి కూడా చూసుకో: 5 నుంచి 3.3కి దించుతూ 140 మిల్లీఆంపులు ఇస్తే రెగ్యులేటర్ దాదాపు పావు వాట్ మింగుతుంది, చిన్న ప్యాకేజీ అయితే కింద రాగి వదలాలి.

ప్రశ్న: మళ్లీ పర్లాకిమిడి నుంచే ఇంకో ఉత్తరం. నిద్ర కరెంటు కొలుద్దామని మల్టీమీటరు మైక్రోఆంప్ రేంజిలో పెడితే బోర్డు నిద్ర లేచినప్పుడల్లా రీసెట్ అయిపోతోంది. మీటరు తప్పా?

జవాబు: మీటరు లోపల ఆ రేంజికి ఒక రెసిస్టర్ ఉంటుంది, వంద ఓములు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. నిద్రలో 5 మైక్రోఆంపులకి దాని మీద పోయేది లెక్కలోకి రాదు. లేచి 10 మిల్లీఆంపులు లాగగానే వంద ఓముల మీద 1 వోల్టు పోతుంది, 3.3 కాస్తా 2.3 అవుతుంది, బోర్డు రీసెట్. మీటరు తీసేసి సప్లై దారిలో 10 ఓముల రెసిస్టర్ పెట్టండి, దాని రెండు చివర్ల మధ్య వోల్టేజీ చూడండి, 10 మిల్లీవోల్టులు వస్తే 1 మిల్లీఆంపు. మెలకువలో కొలవడానికి ఇది. నిద్రలో కొలవాలంటే 1 కిలోఓము పెట్టి, దానికి సమాంతరంగా ఒక తీగ ముక్క కలిపి ఉంచండి, బోర్డు నిద్రపోయాక తీగ తీసి రీడింగ్ చూసి మళ్లీ కలిపేయండి. 5 మైక్రోఆంపులకి 5 మిల్లీవోల్టులు, ఏ మీటరైనా చూపిస్తుంది. కొలిచేటప్పుడు యూఎస్‌బీ తీగ, ప్రోగ్రామర్ ఊడదీయండి, వాటి గుండా కూడా బోర్డులోకి కరెంటు వచ్చేస్తుంది, మీ మీటరుకి కనపడకుండా.